గేటు బయట గ్లాసుడు నీళ్లు

మార్చి 4

మేనకోడలికి మామయ్య రాసేది.

దీవెనలు చివర పెడతాను. ముందు గొడవ తేలాలి.

మూడేళ్లుగా ఇది గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఆ రోజు మందు మాన్పించే మీ కేంద్రం గేటు దగ్గరికి ఎండలో బస్సు దిగి నడిచొచ్చాను. నా కొడుకు కనపడకుండా పోయి అప్పటికి వారం. తాగి ఎక్కడ పడ్డాడో, ఏ బండి కింద పడ్డాడో తెలియదు. మీ దగ్గర చేరాడేమో కనుక్కుందామని వచ్చాను. పరాయివాళ్ల దగ్గరికి రాలేదు, నా చెల్లెలి కూతురి దగ్గరికి వచ్చాను. నీకు సైకిలు నేర్పింది నేను. మోకాలు చెక్కుకుపోతే వీధి చివరిదాకా ఎత్తుకొచ్చింది నేను. నువ్వు మెడలో ఉద్యోగపు బిళ్ల వేలాడేసుకుని బయటికొచ్చి ఏమన్నావో నీకు గుర్తుందో లేదో, నాకు గుర్తుంది.

"అలాంటి మనిషి ఇక్కడ ఉన్నారో లేరో చెప్పలేను మామయ్యా. నీళ్లు తాగుతావా?"

ఉన్నారో లేరో అట. చిన్నప్పుడు నీ బావ జుట్టు పట్టుకుని తిప్పిన దానివి, వాడికి గారు ఒకటే తక్కువ. ఆ నీళ్లు తాగాను. దాహమేసి తాగాను, నీ మీద కోపం తగ్గి కాదు. బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చున్నాను. నువ్వు గ్లాసు తీసుకుని లోపలికెళ్లిన దానివి మళ్లీ రాలేదు.

అయినా మర్నెల్లో నీకో ఆడసైకిలు పంపాను. ఫ్రేము పాతదే, రంగు కొత్తది, బెల్లు కొత్తది, సీటు కింద స్ప్రింగులు నేనే ఏరి వేశాను. అది తెచ్చిన లారీలోనే తిరిగొచ్చింది. ఒక్క ముక్క రాయలేదు నువ్వు. ఇప్పటికీ నా సైకిలు రిపేరు కొట్లో కొక్కేనికి వేలాడుతోంది. ఎవరిదని అడిగితే, మా మేనకోడలిది, ఆవిడ హోదాకి తగదట అని చెప్తున్నాను.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, నేనూ నీ పని మొదలుపెట్టాను. నవ్వకు. నా కొట్టుకి ఎదురుగా మందుషాపుందని నీకు తెలుసు. సాయంత్రం దాని దీపాలు వెలగ్గానే కొందరికి కాళ్లు అటు లాగుతాయి. అలాంటివాళ్లని పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టి చేతికి వంకరపోయిన చక్రం ఇస్తున్నాను. ఒక్కో స్పోకూ బిగిస్తూ, వదులుతూ, తిప్పి చూస్తూ వంకర తీయాలి. రెండు చేతులూ కావాలి, కళ్లూ అక్కడే ఉండాలి. అయ్యేసరికి ఆ వేళ దాటిపోతుంది, ఇంటికెళ్తారు. ఇద్దరు ముగ్గురు రోజూ వస్తున్నారు. జీతం లేదు, బిళ్ల లేదు, గేటు అసలే లేదు.

కాబట్టి ఇద్దరం ఒకే పనిలో ఉన్నాం, సూటిగా అడుగుతున్నాను. ఆ నెలంతా నా కొడుకు మీ దగ్గర ఉన్నాడా లేదా? వాడిప్పుడు మందు ముట్టడం లేదు, పక్క ఊళ్లో వర్క్‌షాపులో బుద్ధిగా ఉన్నాడు. అడిగితే వదిలెయ్ నాన్నా అంటాడు. వాడు చెప్పడు, నువ్వు చెప్పవు. నా కొడుకుని బాగుచేసిందెవరో తెలియకుండానే నేను చావాలా?

ఫోను చెయ్యకు. నువ్వు మాట్లాడితే నాకు వినపడదు, నేను మాట్లాడితే వీధంతా వింటుంది.

మామయ్య


మార్చి 12

మామయ్యకి,

దీవెనలు చివర పెడతానన్నావు. వెనక్కి తిప్పి కూడా చూశాను, ఎక్కడా లేవు. బాకీ ఉన్నావు.

నీ కొట్టు సంగతి చదివి ముందు నవ్వాను, తర్వాత నవ్వు ఆగిపోయింది. చక్రం చేతికిచ్చి ఆ వేళ దాటించడం మంచి ఉపాయం. మా దగ్గర అదే పనికి బొమ్మల కాగితాలూ రంగులూ ఇస్తాం. మీసాలున్న పెద్దమనుషులు చిలకలకి రంగులు వేస్తూ కూర్చుంటారు. నీ చక్రాలే నయం.

నువ్వడిగింది మాత్రం చెప్పలేను. నీ మీద కక్షతో కాదు. ఆ రోజు మా అమ్మ వచ్చి అడిగినా అదే మాట, అవే నీళ్లు. ఇక్కడికి వచ్చేవాళ్లకి మేం మొదట చెప్పేది మందు గురించి కాదు మామయ్యా, నువ్విక్కడ ఉన్నట్టు మా నోటినుంచి బయటికి పోదు అని. ఆ ఒక్క మాట నమ్మే లోపలికొస్తారు. నువ్వు నా మామయ్యవని ఆ మాట ఒకసారి తప్పితే, తర్వాత ఎవడైనా నన్నెందుకు నమ్మాలి?

సైకిలు సంగతి వేరు. ముక్క రాయకుండా పంపడం నాదే బుద్ధితక్కువ. నచ్చక కాదు. వరండాలో బెల్లు నాలుగుసార్లు మోగించి మరీ పంపాను, వాచ్‌మన్ నవ్వాడు. మా దగ్గర చికిత్సలో ఉన్నవాళ్ల ఇంటివాళ్ల నుంచి మేం ఏదీ తీసుకోకూడదు. పండు ఇచ్చినా వద్దనాలి. తీసుకున్నామంటే, రేపు ఆ మనిషిని నేను కాస్త బాగా చూసుకున్నా, గట్టిగా ఒక మాటన్నా, అది సైకిలు చేయించిందేమో అనిపిస్తుంది. వాళ్లకీ, నాకూ.

నీకో చిన్న సలహా. మేనకోడలిగా ఇస్తున్నాను, బిళ్ల తీసేసి. నీ బెంచీ మీద కూర్చునేవాళ్ల సంగతులు పక్కవాళ్ల దగ్గర అనకు. వాళ్ల ఇళ్లలో అసలే అనకు.

నీ కోడలు


మార్చి 19

మేనకోడలికి మామయ్య రాసేది.

దొరికావు.

నీలాంటి చదువుకున్నవాళ్లు ఉత్తరాన్ని గబగబా చదివి పక్కన పడేస్తారు. నేను వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ ఒక్కో ముక్కా మూడుసార్లు చదువుతాను. మీ దగ్గర ఉన్నవాళ్ల ఇంటివాళ్ల నుంచి ఏదీ తీసుకోకూడదని రాశావు. అందుకని నా సైకిలు వెనక్కి పంపానని రాశావు. అంటే నేనెవరి ఇంటివాణ్ణి? మూడేళ్లు పళ్లు బిగబట్టి కూర్చున్నావు, చివరికి ఒక బెల్లు మోగించి బయటపెట్టేశావు. ఈ ఉత్తరం కొట్లో గోడకి అంటించాలని ఉంది. గోడకి నూనె మరకలున్నాయని ఆగాను.

నీ సలహా కూడా అందింది. ఇళ్లలో అనకూడదట. మా దగ్గరికో బస్సు కండక్టరు వస్తాడు. పగలంతా టిక్కెట్ టిక్కెట్ అని అరిచి సాయంత్రానికి గొంతు పోయి వస్తాడు. చక్రం తిప్పుతూ ఒకరోజు నాతో అన్నాడు, మంగళవారం జారాను పెద్దాయనా, ఒక క్వార్టరు తాగాను, మళ్లీ ముట్టలేదు, ఇంట్లో తెలియదు అని. మొన్న వాళ్లావిడ పిల్లాడి సైకిలుకి గాలి కొట్టించుకోడానికొచ్చింది. మా ఆయన పూర్తిగా మానేశాడు కదా బాబాయ్ అని అడిగింది. నేను నీలా మెలికలు తిరగలేదు. మంగళవారం ఒకసారి జారాడమ్మా, మళ్లీ లేచాడు, దిగులు పడకు అని చెప్పాను. ఎంత తేలికో చూశావా? నోరు తెరిచాను, మాట వచ్చింది, ఆవిడ విని వెళ్లింది. ఆకాశం అలాగే ఉంది. దీనికి మీకు ట్రైనింగట, సంతకాలట, కాపలాకి ఒకడట.

ట్యూబు నీళ్ల తొట్లో ముంచితే బుడగ ఎక్కడొస్తే కన్నం అక్కడుంటుంది. కన్నం కనిపిస్తేనే అతుకు పడుతుంది. ఇంట్లోవాళ్లకి కన్నం చూపించకపోతే అతుకు ఎవరేస్తారు? దీనికి జవాబు రాయి, మీ కేంద్రం నడిపే పెద్దమేడంని అడిగైనా సరే.

నా కొడుకుని బాగుచేశావు, సంతోషం. ఆ మాట నాకు ముందే చెప్పి ఉంటే ఈ పాటికి నీకు మూడు సైకిళ్లు పంపేవాణ్ణి. నువ్వు మూడూ వెనక్కి పంపేదానివి, అది వేరే సంగతి.

మామయ్య


మార్చి 27

మామయ్యకి,

నిజమే. దొరికాను.

నీ ఉత్తరం చదివాక సాయంత్రం దాకా ఏ పనీ చెయ్యలేకపోయాను. తెలివిగా రాస్తున్నాననుకుంటూ అతి తెలివితో జారాను. మర్నాడు పొద్దున్నే మా పెద్దమేడం గదికెళ్లి, నా బంధువుకి రాసిన ఉత్తరంలో ఒక మనిషి ఇక్కడున్న సంగతి బయటపెట్టానని చెప్పాను. ఆవిడ తిట్టలేదు, తిట్టి ఉంటే తేలిగ్గా పోయేది. నెలరోజులు ఎవరితోనూ ఒంటరిగా కూర్చోవద్దంది. ఇప్పుడు ముందుగదిలో కూర్చుని వచ్చేవాళ్లకి కుర్చీలు చూపిస్తున్నాను. ఎవరి సంగతి బయటపెట్టానో ఆ మనిషికి కూడా రాశాను. ఇలా చేశాను, నీ మాట నా చేతిలోంచి జారింది అని. తిట్టాలనుకుంటే తిట్టమని అడ్రసు కూడా రాశాను.

ఒకటి సరిచెయ్యాలి. ఎవరినీ నేను బాగుచెయ్యలేదు. మన వాళ్లెవరైనా లోపలికొస్తే వాళ్ల గదికి నన్ను పంపరు, కాగితాలు నా కంటపడనివ్వరు. అది మా పద్ధతి. కాబట్టి నీ మూడు సైకిళ్లకి నేను ఏ రకంగానూ తగను.

కండక్టరు సంగతి చదివి భయపడ్డాను. ట్యూబుకి కన్నం నువ్వు చూపిస్తే అది సిగ్గుపడదు మామయ్యా. మనిషి సిగ్గుపడతాడు. ఆ మాట అతను ఇంట్లో చెప్పుకోవాలని లోపల కూడగట్టుకుంటున్నాడేమో. నువ్వు ముందే చెప్పేస్తే ఇక అతనికి చెప్పుకోడానికి ఏం మిగిలింది?

నీ లెక్కే సరైంది, నా లెక్క తప్పయిందని వచ్చే ఉత్తరంలో రాస్తే అందరికంటే ముందు నేనే సంతోషిస్తాను.

నీ కోడలు


ఏప్రిల్ 6

మేనకోడలికి మామయ్య రాసేది.

నీ అంత వెర్రిదాన్ని నా జన్మలో చూడలేదు. ఎవరూ చూడని తప్పు. నాకొక్కడికే తెలుసు, నేను ఊళ్లో చాటింపు వేస్తానా? వెయ్యను, అంటే బహుశా వెయ్యను. ఆ మాత్రానికి నువ్వే వెళ్లి ఒప్పుకుని, కుర్చీలు చూపించే పని తెచ్చుకున్నావు. మీ అమ్మకి ఈ సంగతి చెప్తే నన్ను కొడుతుంది, నిన్ను కొడుతుంది, మీ పెద్దమేడం దగ్గరికెళ్లి ఆవిడనీ కొడుతుంది.

నీ ఉత్తరం అందుకున్న ఆ పెద్దమనిషి ఆదివారం ఇంటికొచ్చాడు. కూర్చున్నాడు, అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు. అప్పుడు నోరు విప్పాడు.

"నువ్వు బెంచీ మీద కూర్చున్న రోజు మేడమీది కిటికీలోంచి చూశాను నాన్నా. ఉన్నాడని తను ఒక్కమాటన్నా, నువ్వు పైకొచ్చి నలుగురిలో తిట్టి ఇంటికి లాక్కెళ్లేవాడివి. ఆ సాయంత్రమే మళ్లీ తాగేవాణ్ణి."

నేను తిట్టకుండా ఎలా ఉంటాను అన్నాను. అదే చెప్తున్నా అన్నాడు. సాయంత్రం దాకా కిటికీలోంచి చూసిన వెధవ ఒక్కసారి చెయ్యైనా ఊపలేదు. వాడూ నువ్వూ కలిసి నన్ను ఎండలో కూర్చోబెట్టారు. నువ్వు చేసింది తప్పనే ఇప్పటికీ అంటాను. కాకపోతే మునుపు గట్టిగా అనేవాణ్ణి.

కండక్టరు రావడం లేదు. పంచరు వేయమని ఇచ్చిన సైకిలు కూడా వదిలేసి వెళ్లాడు. వాళ్లావిడ పిల్లల్ని తీసుకుని పుట్టింటికెళ్లిపోయిందని పక్కకొట్టు ఇస్త్రీ అతను చెప్పాడు. కండక్టరు ఎదురుగా మందుషాపు మెట్ల మీదే కూర్చుంటున్నాడు. నేను కనపడితే మొహం తిప్పుకుంటాడు. నేను చెప్పింది నిజమే కదా. నిజం చెప్తే మనిషి పారిపోతే నేనేం చెయ్యను? నాలుగురోజులుగా మెట్ల మీద కూడా లేడు. మీ దగ్గర చేరాడా? ఒక్క ముక్క రాయి, ఎవరికీ చెప్పను. సరే, ఇస్త్రీ అతనికి కూడా చెప్పను.

కొత్తగా ఒకడొస్తున్నాడు. ఈసారి బుద్ధొచ్చింది, పేరు రాయను, పని రాయను, వయసు రాయను. వేలుపెట్టుకుని చదివినా నీకేం దొరకదు. పనిమంతుడు. రిమ్ము పట్టుకుంటే తల ఎత్తడు. ఎడమచేత్తో స్పానరు పడతాడు, అందుకని స్టాండు తిప్పి అటువైపు పెట్టాల్సొచ్చింది. పని చేసేటప్పుడు నాలుక నోటి మూలకి పెట్టి కొరుక్కుంటాడు. మొన్న ఎదురుగా దీపాలు వెలిగినప్పుడు ఒక్కసారి ఆ వైపు చూసి, వెంటనే ఇంకో చక్రం అడిగాడు. బాగుంది కదూ.

చూశావా, నీ పద్ధతి కూడా నాకొచ్చేసింది.

మామయ్య


ఏప్రిల్ 14

మామయ్యకి,

కండక్టరు ఇక్కడ ఉన్నాడో లేడో చెప్పలేను. తిట్టుకో. ముందుగదిలో కుర్చీలు చూపించేదానికి కూడా నోటికి తాళం ఉంటుంది.

కిటికీ సంగతి నువ్వు రాసేదాకా నాకూ తెలియదు. ఆ రోజు పైనుంచి ఒకరు నన్ను చూస్తున్నారని తెలిసుంటే ఇంకాస్త ధైర్యంగా నిలబడేదాన్నేమో. ఆ మనిషి దగ్గర్నుంచి నన్ను తిడుతూ ఉత్తరం మాత్రం రాలేదు. అది ఎక్కువ భయపెడుతోంది.

ఇప్పుడు నేనడగకూడనిది అడుగుతాను. నీ ఉత్తరం నేనూ వేలు పెట్టే చదివాను. ఎడమచేతివాటం, నాలుక మూలకి పెట్టి కొరుక్కోవడం. మా ఇంట్లో అలాంటివాడొకడు పెరిగాడు మామయ్యా. హోంవర్కు రాస్తూ నాలుక కొరుక్కుంటే వాడి నెత్తిమీద మొట్టేదాన్ని. నీ ఊళ్లోనే గోడౌనులో పనిచేస్తున్నాడు, గది తీసుకుని ఒంటరిగా ఉంటున్నాడు. ఏడాదిగా నా ఫోను ఎత్తడు. ఈ పనిలో ఉండి కూడా నా తమ్ముణ్ణి నేను నిలబెట్టుకోలేకపోయాను. ఏమన్నా అంటే, నీ ఉద్యోగం నా మీద చెయ్యకక్కా అని పెట్టేశాడు.

వాడేనా? తింటున్నాడా? చేతులు వణుకుతున్నాయా? వాడికి చెప్పను, అమ్మకి చెప్పను. నాకొక్కదానికే కావాలి. అక్కగా అడుగుతున్నాను, బిళ్ల సొరుగులో పెట్టేసి అడుగుతున్నాను.

ఇంకోటి. సాయంత్రాలు వాడు నీ కొట్టు బెంచీ మీద కనపడ్డాడని ఎవరో అమ్మ చెవిన వేశారు. ఇరవైతొమ్మిదిన, శుక్రవారం, పొద్దున బస్సుకి నీ దగ్గరికి వస్తోంది. కొట్లోనే కూర్చుని వాడొచ్చేదాకా కదలనంటోంది. నేను వద్దంటే వినలేదు. ఎందుకు వద్దంటున్నావో చెప్పమంది, అదీ చెప్పలేకపోయాను.

నీ కోడలు


ఏప్రిల్ 19

మేనకోడలికి మామయ్య రాసేది.

అలాంటి మనిషి నా కొట్టుకి వస్తున్నాడో లేదో చెప్పలేను. నీళ్లు తాగుతావా?

ఈ ముక్క నీ మొహాన కొట్టాలని మూడేళ్లు కాచుకుని కూర్చున్నాను. నోట్లో పెట్టుకున్నాక అనుకున్నంత తీపిగా లేదు. బిళ్ల సొరుగులో పెట్టి అడుగుతున్నానన్నావు. నాకు సొరుగే లేదు, అన్నీ గోడకి మేకులకే ఉంటాయి. ఎడమచేతివాళ్లు ఈ ఊళ్లో నీ తమ్ముడొక్కడే కాదు. మా పాలతను ఎడమచేతివాడే, ఆ చేత్తోనే నీళ్లు కలుపుతాడు.

అయితే నేను జారానని నాకు తెలుసు. పేరు రాయలేదని మురిసిపోతూ చెయ్యీ నాలుకా రాసిచ్చాను. నీ పద్ధతి నాకొచ్చేసిందని రాసింది ఏ వెధవో వాణ్ణి నాకు చూపించు. నిన్ను వెర్రిదానివన్నాను కదా, ఆ మాట అలాగే ఉంచుకో, పక్కన నా పేరు కూడా రాసుకో. ఎందుకంటే నిన్న సాయంత్రం ఆ ఎడమచేతివాడు వచ్చి చక్రం స్టాండుకి ఎక్కించాక, ఎదురుగా కూర్చుని చెప్పేశాను. నీ గురించి ఒకరికి రాశాను, పేరు రాయలేదు కానీ వాళ్లు పోల్చుకుని ఉంటారు, తప్పు నాదే అని. ఇలాంటి మాట నా నోటితో ఎవరికీ చెప్పిందిలేదు. మీ అత్త బతికున్నప్పుడు కూడా.

వాడు స్పానరు కింద పెట్టాడు. ఎదురుగా దీపాలు అప్పుడే వెలిగాయి. నేను చచ్చాననుకున్నాను. కండక్టరు సైకిలు ఇంకా నా గోడకే ఆనుకుని ఉంది. పంచరు వేశాను, గాలి కొట్టాను, రోజూ నొక్కి చూస్తున్నాను. దాని పక్కన ఇంకోటి చేరుతుందనుకున్నాను. వాడు ఆ చక్రాన్ని వేలితో ఒకసారి తిప్పి ఆపాడు. తర్వాత ఒక్క మాటన్నాడు.

"ఇంట్లోవాళ్లు వచ్చి ఇక్కడ కూర్చుంటే నేను రాను. మానేశాక నేనే వాళ్ల దగ్గరికెళ్తాను."

మళ్లీ స్పానరు తీశాడు. చక్రం పూర్తి చేశాడు. తిప్పి చూపించాడు, వెంట్రుకవాసి కూడా ఊగలేదు. పొద్దుపోయాక ఇంటివైపు వెళ్లాడు, మందుషాపు వైపు కాదు. ఇంటివాళ్లంటే ఎవరివాళ్లని నన్నడగకు.

ఇప్పుడు నా గొడవ విను. శుక్రవారం నా చెల్లెలు వస్తుంది. పుట్టిన దగ్గర్నుంచి అది అడిగినదేదీ నేను కాదనలేదు. మీ అమ్మ ఏడుపు నీకు తెలుసు, చప్పుడుండదు, ముక్కు మాత్రం ఎర్రబడుతుంది. నా ఎదురుగా కూర్చుని, అన్నయ్యా, నా కొడుకు ఇక్కడికి వస్తున్నాడా అని అడుగుతుంది. నేను ఉన్నాడో లేడో చెప్పలేను అంటాను. అనగలనేమో, అద్దం ముందు రెండుసార్లు అని చూసుకున్నాను. పరాయివాడి మొహంలా ఉంది. తర్వాత నీళ్లిస్తాను. గ్లాసు ఇవాళే తోమి పెట్టాను.

అది తాగుతుంది. గ్లాసు కింద పెట్టి నా మొహంలోకి చూస్తుంది. అప్పుడేం చెయ్యాలి? ఆ రోజు నువ్వు గ్లాసు తీసుకుని లోపలికెళ్లిపోయావు. లోపలికెళ్లి ఏం చేశావు? మూడేళ్లుగా నిన్ను తిడుతున్నానే కానీ ఇది అడగాలని తోచలేదు. అది రాయి, ఉన్నదున్నట్టు రాయి. నాకు లోపల అంటూ లేదు. ఉన్నది ఒకటే గది, దానికి ముందువైపు గోడే లేదు, వీధంతా చూస్తూ ఉంటుంది. సాయంత్రానికి దాన్ని బెంచీ మీంచి లేపి ఇంటికి ఎలా పంపాలో, నేను ఎటు తిరిగి నిలబడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అన్నీ రాయి.

గురువారం లోపు జవాబు నా చేతిలో పడాలి. శుక్రవారం వచ్చిందంటే అది నాకు పనికిరాదు, అలాగే చించకుండా వెనక్కి పంపేస్తాను, నువ్వు నా సైకిలు పంపినట్టు. దీవెనలు జవాబు వచ్చాకే.

మామయ్య